పాలలో చెయ్యి ముంచి ఇచ్చిన మాట

మా అక్కని నాతో పంపిస్తానని చెప్పి నా మేనకోడలు నన్ను తన కూతురి పెళ్లికి విదేశం రప్పించుకుంది. పెళ్లి అయింది. అక్కని పంపలేదు.

ఇలా మొహం మీద కొట్టినట్టు మొదలుపెట్టొద్దని మా కోడలు అంది. "కాస్త ముందూ వెనకా చెప్పి రాయండి మావయ్యగారూ, లేకపోతే చదివినవాళ్లు మీరే తగువులమారి అనుకుంటారు" అంది. అనుకోనీ. ముందూ వెనకా చెప్తాను గానీ, అన్యాయం ముందు చెప్పాలి. మర్యాద కోసం దాన్ని వెనక్కి నెట్టి నెట్టి ఇన్నాళ్లు నా కడుపులోనే పెట్టుకున్నాను. ఇక పెట్టుకోలేను.

అక్క నాకన్నా కొంచెమే పెద్ద. దివిసీమలో కోడూరు దాటాక, సముద్రం హోరు వినపడే పల్లెకి ఇచ్చాం. బావ కౌలు రైతు. పొడుగ్గా ఉండేవాడు, మా ఇంటి గుమ్మంలో ఎప్పుడూ తల కొట్టుకునేవాడు, కొట్టుకున్న ప్రతిసారీ గుమ్మాన్నే తిట్టేవాడు. అక్క పురిటికి బందరు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బావ వచ్చి, పిల్లని చేతుల్లోకి తీసుకోవడానికి భయపడి, మంచం పక్కన కూర్చుని చూసి, చేను కోతకొచ్చిందని వెళ్లిపోయాడు. కోతలవగానే వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్తానన్నాడు. ఆ వెళ్లడం వెళ్లడం, వెనకాలే ఆ కార్తీకంలోనే ఉప్పెన వచ్చింది.

వెతకడానికి వెళ్లింది నేనే. దారి ఏదో కాలవ ఏదో తెలియని నేల మీద నడిచాను. చూసినవన్నీ ఇక్కడ రాయను. బోర్లా పడి ఉన్న ప్రతి మనిషినీ తిప్పి మొహం చూశానని మాత్రం రాస్తాను. బావ దొరకలేదు. ఇల్లు లేదు. గోడకి ఉన్న పెళ్లి ఫొటో లేదు. ఇంటి వెనక ఉండే చేలగట్టు ఒక్కటి మిగిలింది.

మనిషి దొరకనప్పుడు సమాధి ఎక్కడ కడతాం? అక్క ఆ గట్టునే సమాధి అనుకుంది. ఏటా ఉప్పెన వచ్చిన రోజున అక్కడికి వెళ్లేది. ఇంట్లో వండుకెళ్లేది కాదు. గట్టు మీద మూడు రాళ్లు పెట్టి అక్కడే అన్నం, బొమ్మిడాయిల పులుసు వండి, అరిటాకు వేసి వడ్డించి, ఆకు పక్కన కూర్చునేది. కాకులు వచ్చి తినేదాకా కదిలేది కాదు. ఏడ్చేది కాదు. ఆ ఏడాది జరిగినవి చెప్పేది. అమ్మాయి ఎన్నో క్లాసుకొచ్చిందీ, నాకు పెళ్లి కుదిరిందీ, చిలకలపూడిలో పని ఎలా ఉందీ, అన్నీ. నేను కొంచెం ఎడంగా కూర్చునేవాణ్ణి. మొగుడూ పెళ్లాల మాటలు కదా.

ఒక్క ఏడు కూడా మానలేదు. జ్వరంలో వెళ్లింది. ముసురులో గొడుగు కింద పొయ్యి వెలిగించింది.

బందరులో నా ఇంట్లోనే ఉండేది. మాది గిల్టు నగల పని. నేను పోత పోసేవాణ్ణి, అక్క రాళ్లు అతికేది. నాకు బడి చదువు లేదు. నగలు పొట్లాలు కట్టే పాత పేపర్లు కూడబలుక్కుని చదువుతూ అక్షరాలు నేర్చుకున్నాను, తరవాత లైబ్రరీలో పెద్దమనుషుల పక్కన కూర్చుని మిగతాది నేర్చుకున్నాను. అక్క అదీ చేయలేదు. "నువ్వు చదివి నాకు చెప్పు, ఒకరు చదివితే చాలదా" అనేది. కూతుర్ని మాత్రం చదివించింది. మేనకోడలు నర్సయింది, గల్ఫ్ వెళ్లింది, గుడివాడ అబ్బాయిని చేసుకుంది, అక్కణ్ణుంచి ఇద్దరూ ఐర్లండు వెళ్లారు. తప్పు పట్టను. కష్టపడి పైకొచ్చిన పిల్ల.

అక్కకి మోకాలి ఆపరేషన్ చేయించాలని తీసుకెళ్లింది. ఆర్నెల్లలో పంపిస్తానంది. ఆర్నెల్లయ్యాక కరోనా అంది. కరోనా పోయాక చలి అంది. చలి పోయాక, "ఇక్కడ బానే ఉంది కదా మావయ్యా, ఎందుకు కంగారు" అంది. గట్టు మీద ఆకు పడి ఏళ్లయిపోయింది.

పోయినేడు వేసవికి ముందు ఫోన్ చేసింది. కూతురికి ఆ దేశపు అబ్బాయితో పెళ్లి.

"బుట్ట పట్టడానికి మేనమామ కావాలి మావయ్యా. నాకు అన్నదమ్ములు లేరు. మీరు రాకపోతే మా పిల్ల మండపంలోకి ఎలా వస్తుంది?"

"వస్తాను. వచ్చేటప్పుడు అక్కని తీసుకొస్తాను. పంపిస్తావా?"

"అలాగే మావయ్యా. పెళ్లి కానివ్వండి, మీతో పంపిస్తాను" అంది.

ఈ మాట స్పీకర్లో పెట్టి విన్నాం. మా కోడలు విన్నది. మా అబ్బాయి విన్నాడు. కోడలు ఆ రోజే కిటికీ పక్క గది ఖాళీ చేయించి, బాత్రూంలో పట్టుకోవడానికి గోడకి కమ్మీ వేయించింది. "పెద్దత్తయ్యగారు వస్తే నాకూ తోడు. మీరు పేపరు, ఈయన ఫోను. ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లెవరున్నారు?" అంది.

ముసలితనంలో విమానం ఎక్కడం ఎంత అవస్థో రాయను. వెళ్లాను.

వాళ్లు దాన్ని హాలిడే అన్నారు. పెళ్లికి ముందూ వెనకా కలిపి పల్లెటూళ్లో ఒక పెద్ద పాత రాతి ఇల్లు అద్దెకి తీసుకున్నారు. చుట్టూ గడ్డి. కంటికి ఆనినంత మేర గడ్డే. రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడలు, గోడల మధ్య ఆవులు. వాన పడుతున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. సాయంత్రం భోంచేసి బయటికొస్తే ఇంకా ఎండ. అందరూ "ఎంత పచ్చగా ఉందో చూడండి బాబాయిగారూ" అని నాకు చూపించేవారు. డెల్టాలో పుట్టినవాడికి పచ్చదనం చూపించడమేమిటి? మా దగ్గర పచ్చదనం కోతకి వస్తుంది, పసుపవుతుంది, ధాన్యమవుతుంది. ఇక్కడిది అలా పచ్చగానే ఉంటుంది. నాకు దాన్ని చూస్తే దిగులేసింది. కాలం కదలని చోటికి మా అక్కని తెచ్చి పెట్టారనిపించింది.

అక్క సన్నబడింది. స్వెట్టరు మీద స్వెట్టరు వేసి ఉంది. నన్ను చూడగానే మొదటి మాట, "ఒరేయ్, కార్తీకం ఎప్పుడొస్తుంది?"

"ఇంకా చాలా ఉందక్కా. ఆలోపు మనం ఇంట్లో ఉంటాం."

"నిజంగా పంపిస్తానందా? నీతో చెప్పిందా?"

"నాతోనే చెప్పింది."

"నాతో కూడా చెప్పింది. నాతో చాలాసార్లు చెప్పింది. నీతో చెప్పిందంటే నిజమే అయ్యుంటుంది."



ఒకరోజు అందర్నీ సముద్రం చూపించడానికి తీసుకెళ్లారు. కొండ అంచు, కింద నల్లటి నీళ్లు. మేనకోడలు వాళ్లమ్మ భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, నాన్నకి ఇక్కడే పెట్టుకోవచ్చుగా ఆకు? సముద్రం ఎక్కడైనా సముద్రమే కదా" అంది. ప్రేమగానే అంది.

అక్క నీళ్లకేసి చూసింది. "ఆయన బందరు వస్తేనే మూడుసార్లు దారి అడిగేవాడే. ఇంత దూరం ఎలా వస్తాడు? వచ్చినా ఎవర్నడుగుతాడు, ఇంగ్లీషు కూడా రాదు."

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. కానీ కారు ఎక్కాక నా చెయ్యి పట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

పెళ్లి ఆ ఇంటి వెనక గడ్డిలో, తెల్ల గుడారం కింద. పురోహితుడు మిగతా రోజుల్లో కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడట. మంత్రం చెప్పి, మైకులో దాని అర్థం ఇంగ్లీషులో చెప్పి, మధ్యలో జోకులు వేశాడు. బుట్టలో పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి నలుగురు కుర్రాళ్లు మోశారు. నేను బుట్ట అంచు మీద చెయ్యి వేసి నడిచాను. "తాతయ్యా, గట్టిగా పట్టుకో, వీళ్లని నేను నమ్మను" అంది పిల్ల బుట్టలోంచి. పట్టుకున్నాను. నా వంతు పని నేను లోపం లేకుండా చేశాను. ఇది ఎందుకు రాస్తున్నానంటే, తరవాత గుడివాడలో ఒకాయన నేను పెళ్లి పాడు చేయడానికే వెళ్లానన్నాడు.

చివర అప్పగింతలు. మా వైపు ఎలా చేస్తామో తెలిసిందే. పళ్లెంలో పాలు పోసి, పిల్ల రెండు చేతులూ అందులో ముంచి, ఆ తడి చేతులు అత్తమామల చేతుల్లో పెట్టి, మా పిల్లని మీకు అప్పగిస్తున్నాం, మీ పిల్లలా చూసుకోండి అంటాం. ఆ తడి ఆరకముందే మాట అయిపోతుంది. ఆ తరవాత మాట మార్చినవాళ్లని నేను చూడలేదు. కోర్టులకెక్కిన కుటుంబాల్లో కూడా, "పాలల్లో చేతులు పెట్టి ఒప్పుకున్నారు కదండీ" అంటే తల దించుకోవడం చూశాను.

పాలు పెళ్లికొడుకు తండ్రి తెచ్చాడు. ఆయనకి ఆవులున్నాయి. ఆ పొద్దున పిండిన పాలు క్యానులో పట్టుకొచ్చి, ఇవి చాలా అన్నట్టు నాకు చూపించాడు. చాలన్నట్టు తలూపాను. మేం ఇద్దరం ఆ వారమంతా అలాగే మాట్లాడుకున్నాం.

పిల్ల చేతులు ముంచారు. వియ్యపురాలి చేతుల్లో పెట్టారు. ఆవిడ తడి చేతులు ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది. మేనకోడలు ఏడుస్తూ చెప్పాల్సిన మాట చెప్పింది. సన్నాయి పాట ఫోన్లోంచి వచ్చింది. అయిపోయిందనుకున్నాం.

అప్పుడు అక్క కుర్చీలోంచి లేచింది. చేతికర్ర నాకిచ్చింది. పళ్లెం దగ్గరికి వచ్చి, స్వెట్టరు చేతులు పైకి మడుచుకుని, రెండు చేతులూ మణికట్టు దాకా పాలల్లో ముంచింది. నావైపు తిరిగి చాపింది.

"పట్టుకోరా."

కర్ర కింద పడేసి పట్టుకున్నాను.

కూతురి వైపు తిరిగి, "నీ పిల్లని నువ్వు అప్పగించావు. బాగుంది. ఇప్పుడు నన్ను కూడా అప్పగించెయ్. నా పుట్టింటివాడు వచ్చాడు" అంది.

గుడారమంతా నవ్వులు. చప్పట్లు. ఎవరో ఈల వేశారు. ఫొటోలు తీసే తెలుగు కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "అమ్మమ్మగారూ, సూపర్! ఇంకోసారి చేయండి ప్లీజ్, యాంగిల్ మిస్సయింది" అన్నాడు.

అక్క ఇంకోసారి చేసింది. వాడి కోసం కాదు. రెండుసార్లు చేస్తే ఇంకా గట్టిగా ఉంటుందని. మళ్లీ ముంచింది, మళ్లీ నా చేతుల్లో పెట్టింది, మళ్లీ కూతురి మొహంలోకి చూసింది.

మేనకోడలు కళ్లు తుడుచుకుని నవ్వుతూ వచ్చి, తన చెయ్యి మా చేతుల మీద వేసింది. "సరే మావయ్యా, మా అమ్మని మీకు అప్పగిస్తున్నా. జాగ్రత్తగా చూసుకోండి" అంది. మైకు దగ్గరలోనే ఉంది. అందరికీ వినపడింది. ఆ చెయ్యి కూడా తడిసింది. నేను చూశాను.

నాకూ అక్కకీ అది మాట. మిగతావాళ్లకి అది సరదా. ఆ తేడా ఆ క్షణంలో నాకు తట్టలేదు. తట్టి ఉంటే అక్కడే, అందరి ముందే, పురోహితుణ్ణి ఆపి ఖచ్చితంగా అడిగేవాణ్ణి. పెళ్లికొడుకు తండ్రి మాత్రం నవ్వలేదు. కొత్త కోడల్ని పక్కకి పిలిచి ఏదో అడిగాడు. పిల్ల నా దగ్గరికొచ్చి, "తాతయ్యా, అమ్మమ్మ ఏ రోజు వెళ్తుందని అడుగుతున్నారు. ఎయిర్‌పోర్టుకి ఆయన కారు పెద్దదట, కాళ్లు చాపుకుని కూర్చోవచ్చట" అంది. ఆయనకి నమస్కారం పెట్టాను.

తరవాతి రోజులన్నీ అక్క సర్దుకుంది. స్వెట్టర్లు అక్కడే వదిలేస్తానని మడత పెట్టి ఒక పక్కన పెట్టింది. మా కోడలికి ఏం తేవాలి, మా అబ్బాయికి ఏం తేవాలి అని నన్ను విసిగించింది. బొమ్మిడాయిలు ఆ నెలలో దొరుకుతాయా, ఎవరికి చెప్పి ఉంచాలి అని అడిగింది. రంగు కూడా మారింది మనిషి. మేనకోడలు ఆ గదిలోకి వచ్చేది, పెట్టె చూసేది, ఏమీ అనకుండా వెళ్లిపోయేది. ఆ మౌనాన్ని నేను కూతురు తల్లిని వదలలేని బాధ అనుకున్నాను. ఓదార్చాను కూడా. "ఏడాదికోసారి నువ్వు రా అమ్మా, లేదా మళ్లీ నేను తీసుకొస్తాను" అన్నాను. తలూపింది.

బయల్దేరే రోజు పొద్దున్నే అక్క అందరికన్నా ముందు వెళ్లి కారు ముందు సీట్లో కూర్చుంది. మేనకోడలి భర్త, అంటే అక్క అల్లుడు, వెళ్లి బెల్టు పెట్టాడు. అలవాటుగా పెట్టాడో, ఆవిడ అడిగిందని పెట్టాడో తెలియదు. నా పెట్టె ఎక్కించారు. అక్క పెట్టె గుమ్మంలోనే ఉంది.

"ఆ పెట్టె కూడా అబ్బాయ్" అన్నాను.

అతను నేల చూశాడు. "బాబాయిగారూ, లోపలికి రండి ఒక్క నిమిషం."

"ఎందుకు? ఇక్కడే చెప్పు."

మేనకోడలు బయటికొచ్చింది. "మావయ్యా, అమ్మకి టికెట్టు తీయలేదు. డాక్టరు వద్దన్నాడు. అంతసేపు విమానంలో కూర్చోకూడదట."

"ఎప్పుడన్నాడు?"

"మొన్న."

"మొన్న పెళ్లి. డాక్టరు పెళ్లికొచ్చాడా?"

"మావయ్యా, ప్లీజ్."

"నీ చెయ్యి పాలల్లో తడిసిందమ్మా. నేను చూశాను."

"అది అమ్మ సరదాగా..."

"సరదాగా చేసింది మీ అమ్మా, నువ్వా?"

కారు అద్దం కిందికి దిగి ఉంది. అక్క అంతా విన్నది. గట్టిగా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఒసేయ్, నీ పెళ్లప్పుడు కూడా నాతో ఇన్ని అబద్ధాలాడలేదే" అంది, ఏదో మార్కుల కార్డు చూసి అన్నట్టు. తరవాత ముందుకి చూస్తూ కూర్చుంది. దిగమంటే దిగలేదు. బెల్టు తీసుకోవడం ఆమెకి రాదు, తీయమని అడగలేదు. రెండు చేతులతో బెల్టు పట్టుకుని, "పోనివ్వండి, పోనివ్వండి, ఆలస్యమవుతుంది" అంటోంది. చివరికి అల్లుడే వంగి బెల్టు తీశాడు. ఇద్దరూ కలిసి ఆమెని దించారు. లాగలేదు. జాగ్రత్తగా, పేషెంటుని దించినట్టు దించారు. నర్సు కదా, ఆ పని బాగా వచ్చు.

నేను ఉండిపోతానన్నాను. వీసా గడువు లేదు, టికెట్టు పోతుంది అన్నారు. పోతే పోనీ అన్నాను. అప్పుడు అక్కే అంది, "వెళ్లరా. నువ్వు ఇక్కడ ఉండిపోతే, ఆయన దగ్గరికి వెళ్లే మనిషి కూడా ఉండడు." గుమ్మం దాకా నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

దారిలో వెనక సీట్లో కూర్చుని ఏడ్చాను. ముందు సీటు ఖాళీగా ఉంది. అల్లుడు కారు నడుపుతూ, చాలాసేపటికి, "బాబాయిగారూ, డాక్టరు అలా ఏమీ అనలేదు. మీకు చెప్పానని దానికి చెప్పకండి" అన్నాడు. చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నన్ను మోసం చేయడంలో సాయపడి, మోసం సంగతి చెప్పి మంచివాడనిపించుకుంటాడా? కుదరదు.

బందరులో ఇంటిముందు ఆటో ఆగగానే కోడలు ఎర్రనీళ్లు పళ్లెంలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది, దిష్టి తీయడానికి. ఆటోలో నేను ఒక్కణ్ణే. "పెద్దత్తయ్యగారు ఏరి?" అంది. పెట్టె పట్టుకుని లోపలికి వెళ్లాను. ఆ నీళ్లు ఏం చేసిందో తెలియదు.

అప్పటికే ఆ వీడియో ఫోన్లన్నింట్లో తిరుగుతోంది. అక్క పాలల్లో చేతులు ముంచడం, "నన్ను కూడా అప్పగించెయ్" అనడం, వెనకాల ఏదో కామెడీ సంగీతం, కింద నవ్వు బొమ్మలు. మా వీధిలో పిల్లలు కూడా చూశారు. ఒకావిడ నన్ను ఆపి, "మీ అక్కగారు భలే హుషారండీ" అంది. మా అక్క తన జన్మలో పదిమంది ముందు నోరు తెరిచి ఏమీ అడగలేదు. ఒక్కసారి అడిగింది. ఆ ఒక్కసారికి పాట పెట్టారు.

గుడివాడ వెళ్లాను. మేనకోడలి బావగారు అక్కడ ఉంటారు. పెళ్లికి ఆయనా వచ్చారు. పెద్దల్లో పెట్టి మాట్లాడిద్దామని నా ఆశ. ఇంట్లో నలుగురు బంధువులున్నారు. కాఫీ ఇచ్చారు. నేను విషయం ఎత్తగానే ఆయన ఫోన్ తీసి ఆ వీడియోనే పెట్టాడు. అందరూ మళ్లీ నవ్వారు.

"అది మాటండీ" అన్నాను. "పాలల్లో చెయ్యి పెట్టి, నలుగురిలో ఇచ్చిన మాట. మీరు కూడా విన్నారు."

"అయ్యో బాబాయిగారూ, అది ఫన్‌గా అన్నదండీ. దాన్ని పట్టుకుని మీరు ఇంత..."

"మీ పిల్లని అప్పగించినప్పుడు కూడా ఫన్‌గానే అన్నారా?"

నవ్వు ఆగింది. ఆయన మొహం మారింది. "పెళ్లి పాడు చేయడానికే వెళ్లారా మీరు? ఆవిడకి అక్కడ ఏం తక్కువ? ఏసీ, హీటరు, నర్సు కూతురు. ఇక్కడికొచ్చి మీ గిల్టు పొగలో కూర్చోవాలా?"

"గట్టు మీద కూర్చోవాలి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. చెప్పాను. మొత్తం చెప్పాను. విన్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ చీర కొంగుతో కళ్లొత్తుకుంది. కానీ ఎవరూ ఫోన్ చేయలేదు. "వాళ్ల ఇంటి విషయం" అన్నారు. నేను ఆ ఇంటివాణ్ణి కానట్టు.

మేనకోడలికి రోజూ మెసేజీ పెట్టాను. కోపంగా పెట్టాను, బతిమాలుతూ పెట్టాను. కోడలి చేత మాట్లాడించాను. చదివినట్టు నీలం గీతలు వచ్చేవి, జవాబు వచ్చేది కాదు. ఫోన్ చేస్తే వాళ్లమ్మకి ఇచ్చి పక్కనే కూర్చునేది. అక్క అడిగేది ఒకటే.

"ఒరేయ్, కార్తీకం వచ్చేసిందా?"

"వస్తోందక్కా."

"ఇక్కడ తెలియడం లేదురా. ఎప్పుడూ ముసురే. నువ్వు చెప్పు, నేను రెడీగా ఉంటా."

ఏమని చెప్పను? అబద్ధాలాడావని మేనకోడల్ని నిలదీసినవాణ్ణి, నేనే అబద్ధం ఆడాను. ఇంకా సమయం ఉందన్నాను. అప్పటికి దీపాలు పెట్టే రోజులొచ్చేశాయి.

ఉప్పెన రోజున ఉండబట్టలేక ఒక్కణ్ణే వెళ్లాను. అవనిగడ్డ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. దారిపొడుగునా ఊళ్లలో జనం పోయినవాళ్లకి పూలు పెడుతున్నారు. మా గట్టు దగ్గరికి వెళ్తే పొలం లేదు. రొయ్యల చెరువు తవ్వారు. గట్టు మాత్రం ఉంది, చెరువుకి ఒక అంచుగా ఉంది. దాని మీద మోటారు గది. కాపలావాడు, "ఎవరు కావాలి తాతా?" అన్నాడు. "మా బావ" అన్నాను. అతను ఇంకేమీ అడగలేదు. ఆ సీమవాళ్లకి ఆ రోజున అడగాల్సిన పని ఉండదు.

కోడలు అన్నం, పులుసు కట్టి ఇచ్చింది. అరిటాకు కూడా పెట్టింది. నేను ఆకు విప్పలేదు. ఆ ఆకు వేయాల్సిన మనిషి వేరే ఉంది, బతికే ఉంది. నేను వేస్తే ఆవిడ ఇక రాదని ఒప్పుకున్నట్టే. ఒప్పుకోను. మూట ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. కాకులు మోటారు గది మీద వాలి చూస్తున్నాయి. చెరువులో రొయ్యలకి గాలి పంపే చక్రాలు తిరుగుతూ నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. వాటి హోరులో సముద్రం హోరు వినపడలేదు.

అక్కణ్ణుంచే ఫొటో తీసి మేనకోడలికి పంపాను. కింద ఇలా రాశాను: "ఇది మీ నాన్న ఉన్న చోటు. ఆకు వేయలేదు. మీ అమ్మ వచ్చి వేస్తుంది. పంపుతావా, పంపవా? ఒక్క మాట చెప్పు."

జవాబు రాలేదు. పొద్దు వాలేదాకా చూసి, మూట విప్పకుండానే ఇంటికొచ్చాను. కార్తీకం వెళ్లిపోయింది. నేను మెసేజీలు మానేశాను. కోపం తగ్గి కాదు, అడగడానికి మాటలు అయిపోయి. ఆ తరవాత ఒక మధ్యాహ్నం, నేను వీధి అరుగు మీద పేపరు చదువుతుంటే ఫోన్ మోగింది. ఆమె రాసింది. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ పెడుతున్నాను:

"మావయ్యా, ఫొటో చూశాను. అమ్మకి చూపించలేదు. డాక్టరు ఏమీ అనలేదు, వద్దన్నది నేనే. టికెట్టు తీయాలని ఎప్పుడూ అనుకోలేదు. మీరు పెళ్లికి రావాలని అలా చెప్పాను. పాల దగ్గర కూడా అందరూ చూస్తున్నారని చెయ్యి వేశాను. అమ్మ ఒక్కసారి ఆ గట్టు మీద కూర్చుంటే మళ్లీ నా దగ్గరికి రాదు, నాకు తెలుసు. నాన్న మొహం నాకు తెలియదు. ఫొటో కూడా లేదు. నాకున్నది అమ్మ ఒక్కతే, ఆమెని కూడా అక్కడికే పంపమంటే ఎలా పంపను? మీరు పెంచిన పిల్లని, తిట్టండి, పడతాను. పంపను. వచ్చే ఏడాది ఆకు మీరే వేసెయ్యండి."